జ్వరం కాగితం మీద గౌండ్లభామ

రేడియం సూదులు గుచ్చిన మనిషి పక్కన నర్సు అయిదు నిమిషాలకు మించి నిలబడకూడదు. మా పెద్ద డాక్టరమ్మ మొదటి రోజు నాకు చెప్పిన నియమం ఇదే. అయిదు నిమిషాల్లో కట్టు మార్చొచ్చు, నీళ్లు తాగించొచ్చు, జ్వరం చూడొచ్చు. ఆ తర్వాత పక్కకు జరగాలి. రోగి మాత్రం అక్కడే, పగలంతా, ఎవరూ దగ్గర కూర్చోకుండా, పైకప్పు చూస్తూ పడుకోవాలి. ఆ మిగిలిన సమయాన్ని ఏం చేయాలో మాకు చెప్పిన పాఠాల్లో లేదు. నర్సు పనికి కొత్తగా వస్తున్న పిల్లలకు నేను చెప్పదలచుకున్నది దాని గురించే.

ఇది నలభైల నాటి మాట. సిద్దిపేట పొలిమేరలో ఒక చిన్న దవాఖానలో పని చేశాను. తర్వాత చాలా ఏళ్లు ఒక దినపత్రికకు ఆరోగ్యం మీద వారం వారం రాశాను. అక్కడ నా రాతలు దిద్దిన పెద్దాయన ఒకే మాట అనేవాడు. ఎవరు, ఎక్కడ, ఏం చేశారో ముందు చెప్పమ్మా, కన్నీళ్ల సంగతి చదివేవాళ్లు చూసుకుంటారు అని. అలాగే చెబుతాను. ఈ కథలో కన్నీళ్ల కంటే నవ్వే ఎక్కువ. రాచపుండు వార్డులో నవ్వేమిటని మీకు అనిపిస్తే, మా డాక్టరమ్మకూ మొదట అలాగే అనిపించింది.

తడకకు అటూ ఇటూ

క్యాన్సర్‌ను అప్పుడు రాచపుండు అనేవాళ్లం. ఆ మాట కూడా గొంతు తగ్గించే అనేవాళ్లం. రేడియం హైదరాబాదు నుంచి సీసపు పెట్టెలో వచ్చేది, వారం ఉండి వెళ్లిపోయేది. అందుకని అందరికీ ఒకే రోజు సూదులు గుచ్చి, ఒకే రోజు తీసేవారు. ఒక్కో సూది చివర ఒక్కో దారం ఉంటుంది. సూది కండ లోపలికి పోతుంది, దారం బయట వేలాడుతుంది. పొద్దున, సాయంత్రం ఆ దారాలు లెక్కపెట్టడం నా పని. దారం తగ్గిందంటే సూది ఎక్కడో జారిపోయిందన్న మాట.

ఒక వారం అలా ముగ్గురు చేరారు. వెనక వరండాలో మంచాలు దూరం దూరంగా వేశాం. మధ్యలో వెదురు తడక కట్టి ఒక పక్క మగవాళ్లను, ఒక పక్క ఆడవాళ్లను ఉంచాం. మంచాలకు పది అడుగుల అవతల నేల మీద సున్నంతో గీత గీశాం. చూడవచ్చినవాళ్లు ఆ గీత దాటకూడదు.

మగవాళ్ల పక్క రాజమల్లయ్య. దుబ్బాకలో మగ్గం నేసేవాడు, యాభై దాటినవాడు. సిద్దిపేటలో మేనమామ దగ్గర గొల్లభామ చీరలు నేయడం నేర్చుకున్నాడు. ఆ చీరల కొంగు మీద నెత్తిన పాలకుండ పెట్టుకున్న గొల్లభామ వరుసగా నడుస్తుంటుంది. ఆయనకు చెంపలో పుండు. తొమ్మిది సూదులు, నోటి మూల నుంచి తొమ్మిది దారాలు. మాట్లాడకూడదు, నవ్వకూడదు. మొదటి సాయంత్రం నేను దారాలు ఎనిమిదే ఉన్నాయని కంగారు పడుతుంటే, ఆయన ప్లాస్టరు అంచు కొద్దిగా లేపి దాని కింద దాగిన తొమ్మిదోది చూపించాడు. పోగులు లెక్కపెట్టే మనిషికి నేను లెక్క నేర్పబోయాను.

ఆయన పక్క మంచంలో ముసలి బాలయ్య. రైతు, కాలి మీద పుండు.

తడకకు ఇవతల ఎల్లవ్వ ఒక్కతే. నారాయణరావుపేట దిక్కు మనిషి, ముప్పై అయిదేళ్లుంటాయి. పెనిమిటి కిష్టాగౌడు తాటిచెట్లెక్కి కల్లు గీసేవాడు, ఈమె ఆ కల్లు అమ్మేది. కుడి రొమ్ముకు రాచపుండు వస్తే అంతకు ముందు నెలలో ఆపరేషన్ చేసి తీసేశారు. మిగిలిన రోగం కోసం ఇప్పుడు ఛాతీ మీద, చంక కింద సూదులు. మంచంలో పడుకోగానే గోడ వైపు తిరిగింది. ఇక మాట లేదు.

సోమవారం సూదులు పెట్టాం, వచ్చే సోమవారం తీయాలి. రెండో రోజు నేను జ్వరం చూస్తుంటే ఎల్లవ్వ గోడకే చెప్పినట్టు చెప్పింది.

"బేస్తారం మా ఆయన బండి కట్టుకొని వస్తడు. నేను పోత. గీ సూదులు తీసేయ్‌మను."

ఏడు రోజులు నిండకపోతే చేసిందంతా వృథా అవుతుందని, పుండు మళ్లీ లేస్తుందని డాక్టరమ్మ చెప్పింది. ఎల్లవ్వ విన్నది. విని మళ్లీ అదే మాట అన్నది. మా దగ్గర తలుపులకు తాళాలు లేవు. అంతకు ముందు ఇద్దరు అలాగే నడుమ లేచి వెళ్లిపోయారు. ఇద్దరూ బతకలేదు. గురువారానికి ఇంక రెండు రోజులే ఉన్నాయి.

నా తప్పు

అదే రోజు సాయంత్రం రాజమల్లయ్య గాలిలో చేత్తో ఏదో గీస్తూ నన్ను పిలిచాడు. రాసుకోవడానికి కాగితం కావాలంటున్నాడేమో అనుకున్నాను. యుద్ధం రోజులు, కాగితం దొరకదు. నా అయిదు నిమిషాలు అయిపోవస్తున్నాయి. బల్ల మీద ఉన్న జ్వరం చార్టుల బొత్తిలోంచి గుప్పెడు తీసి, ఒక పెన్సిల్‌తో సహా ఆయన చేతిలో పెట్టి వచ్చేశాను.

జ్వరం చార్టు మీరు చూసే ఉంటారు. సన్నటి గళ్ల కాగితం. పూటకో చుక్క పెట్టి, చుక్కలు కలుపుతూ పోతాం. మనకు అది జ్వరం. నేతగాడికి గళ్ల కాగితమంటే చీర. నమూనా గీసుకునేది దాని మీదే. దవాఖానలో మంచం మంచానికీ నమూనాలు వేలాడదీశారేమిటా అని ఆయన రెండు రోజులుగా ఆశ్చర్యపోతున్నాడట. ఈ సంగతి తర్వాత తెలిసింది.

నేను ఇచ్చిన గుప్పెడులో ఎల్లవ్వ చార్టు కూడా పోయింది.

బుధవారం పొద్దున రౌండ్లకు ముందు రాజమల్లయ్య దగ్గర నుంచి హడావిడిగా కాగితాలు తెచ్చి, చూడకుండానే ఎవరి చార్టు వాళ్ల మంచానికి తగిలించాను. డాక్టరమ్మ వచ్చింది. ఆమె తెల్ల దొరసాని. తెలుగు పుస్తకాల్లో నేర్చుకుంది కాబట్టి పుస్తకాల్లో ఉన్నట్టే మాట్లాడేది. ఎల్లవ్వ చార్టు చేతిలోకి తీసుకుని చాలాసేపు చూసింది.

"నర్సమ్మా, రాబోవు ఆదివారము నాడు ఎల్లవ్వకు జ్వరము ఎంత?"

ఆదివారం ఇంకా రాలేదు కదా అన్నాను.

"వచ్చినది. నూట రెండు. సోమవారమునకు దిగినది. మిక్కిలి అందముగా దిగినది."

చార్టు నాకు చూపించింది. నేను సోమవారం నుంచి మంగళవారం సాయంత్రం దాకా పెట్టిన నాలుగు చుక్కల గీత, ఆ తర్వాత ఆగకుండా, కాగితం చివరి దాకా, గుడి గోపురాల వరుసలా పైకీ కిందికీ నడిచిపోయింది. ఒక్క గడి తేడా లేదు. రాజమల్లయ్య అంతటితో ఆగలేదు. నేను పెట్టిన సోమవారం సాయంత్రపు చుక్క వరుసకు పొసగలేదని, దాన్ని చెరిపి ఒక గడి పైకి జరిపాడు. మొదలుపెట్టిన అంచు పూర్తి చేయమని ఇచ్చానని ఆ మంచి మనిషి అనుకున్నాడు.

అసలు అంకెలు రిపోర్టు పుస్తకంలో రాసి ఉన్నాయి కాబట్టి బతికిపోయాను. నా తప్పే అని చెప్పాను. డాక్టరమ్మ తడక అవతలికి వెళ్లింది. రాజమల్లయ్య గర్వంగా తన గుండె మీద చేయి పెట్టుకుని, నేనే అన్నట్టు తలూపాడు. పైగా నా చుక్క పెట్టిన చోటు చూపించి, కొత్తగా పనికి వచ్చినవాళ్లు చేసే తప్పే అన్నట్టు చెయ్యి ఊపాడు. ముందు డాక్టరమ్మ భుజాలు కదిలాయి. తర్వాత ఆమె స్తంభం పట్టుకుంది. అన్నేళ్లలో ఆమె అలా నవ్వడం నేను చూడలేదు. బాలయ్య ఎందుకో తెలియకుండానే నవ్వాడు. నేనూ నవ్వాను. రాజమల్లయ్య నవ్వకూడదు గనక అరచేత్తో దారాలు అదిమి పట్టి, కళ్లతో నవ్వాడు.

ఇవతల మంచం కిర్రుమన్నది. ఎల్లవ్వ గోడ వైపు నుంచి ఇటు తిరిగింది.

"నా జరం గీసింది ఎవడే?"

రెండు రోజుల్లో ఆమె అడిగిన మొదటి ప్రశ్న అది.

డాక్టరమ్మ వెళుతూ నాతో ఒకటే అన్నది. "కాగితము వేరు చేయుము. నవ్వు వేరు చేయవలదు." ఆ మధ్యాహ్నమే తన పెట్టెలోంచి పాత రకం చార్టులు, ఇక వాడుకలో లేనివి, ఒక కట్ట పంపించింది. నేను చాలామంది పైవాళ్ల కింద పని చేశాను. తప్పు చేసిన పిల్లను తిట్టడం అందరికీ వచ్చు. తప్పులోంచి పనికొచ్చే ముక్కను విడదీసి ఇవ్వడం ఆమె ఒక్కదానికే వచ్చు.

వెదురు నాడె

కాగితాలు అటూ ఇటూ మోయడానికి నాకు నిమిషాలు చాలవు. పొడుగాటి వెదురు బొంగు చివర చీల్చి, చీలికలో కాగితం ఇరికించి, తడక మీదుగా అవతలికి అందించడం మొదలుపెట్టాను. రాజమల్లయ్య దాన్ని చూసి, మగ్గంలో పోగు మోసే నాడె అటూ ఇటూ ఎలా పోతుందో చేత్తో చూపించాడు. అప్పటి నుంచి ఆ బొంగు పేరు నాడె అయింది.

మొదటిసారి పోయింది ఆయనకు చేయి తిరిగిన గొల్లభామ. గడి గడిగా నింపి, నెత్తిన కుండతో సహా. ఎల్లవ్వ కాగితం ఎడమ చేత్తో పట్టుకుని చూసి మూతి తిప్పింది.

"పాలమ్మినోళ్లకేనా సీరె మీద జాగ? కల్లమ్మినోళ్లు మనుషులు కారా? గౌండ్లభామ ఎయ్యుమను."

తడక అవతల పెన్సిల్ చప్పుడు. గౌండ్లభామ వచ్చింది. ఎల్లవ్వ చూసి, ఇది లొట్టి కాదు పాలకుండే, కల్లు లొట్టి మూతి ఇట్లా ఉంటదా అని తిప్పి పంపింది. మళ్లీ వచ్చింది. మూతి బాగున్నది గాని పొట్ట బక్కగా ఉన్నదన్నది. మూడోసారి వచ్చిన బొమ్మలో గౌండ్లభామ ఒక పక్కకు ఒరిగి, కాళ్లు మెలికపడి నడుస్తోంది. తన కల్లు తనే తాగినట్టు. నోరు మెదపకూడని మనిషి జవాబు అది.

"ఓ మల్లన్నా," అని ఎల్లవ్వ తడక మీదుగా కేక వేసింది, "నీ నోట్లె సూదులు తీసినంక నీ సంగతి చెప్త."

బాలయ్య బొమ్మలు గీయనన్నాడు. పెన్సిల్ చేతికిస్తే, చావబోయేటోడికి పిల్లలాటలెందుకు బిడ్డా అని తిరిగి ఇచ్చేశాడు. బలవంతం చేయలేదు. గంట తర్వాత తనే, ఆ పెన్సిల్ మొన పోయినట్టుంది, నా కత్తి ఇటియ్యి అన్నాడు. నాగలి కర్ర చెక్కిన చేయి. పెన్సిల్ మొన సూదిలా వచ్చింది. అది నచ్చి ఇంకొంచెం చెక్కాడు. వారం అయ్యేసరికి నా మూడు పెన్సిళ్లు బొటనవేలంత మిగిలాయి. ఆయన మాత్రం ఆ వారంలో నొప్పి మందు అడగడం సగానికి తగ్గించాడు. ఆయనకు అదే బొమ్మ.

నాకు మిగిలిన పని దారాలు లెక్కపెట్టడం. నవ్విన ప్రతిసారీ రాజమల్లయ్య దగ్గరికి పరుగెత్తి తొమ్మిదీ ఉన్నాయా అని చూసేదాన్ని. ఆయన నేను అడగకముందే తొమ్మిది వేళ్లు చూపించేవాడు.

ఇంత జరిగినా ఎల్లవ్వ గురువారం పోతానన్న మాట వెనక్కి తీసుకోలేదు. అది మీరు గుర్తుంచుకోవాలి. నవ్విన మనిషి ఉంటుందని అనుకోవద్దు. నవ్వుకుంటూనే లేచి వెళ్లిపోయినవాళ్లు ఉన్నారు.

రెండోది ఏది

గురువారం పొద్దున ఆమె మూట కట్టుకుని సిద్ధంగా ఉంది. చివరి బొమ్మ చేతిలో ఉంది. లొట్టి మూతి, పొట్ట అన్నీ కుదిరాయి. చాలాసేపు చూసి నన్ను దగ్గరికి రమ్మన్నది. గొంతు తగ్గించింది.

"నర్సమ్మా, గీ పిల్లకు రెండోది ఏది?"

రెండో లొట్టి అడుగుతోందనుకున్నాను. కాదన్నది. రెండో చెయ్యా అన్నాను. తన కట్టు మీద వేలు పెట్టి చూపించింది.

అప్పుడు అర్థమైంది నాకు. ఈమె భయపడుతున్నది సూదులకు కాదు. ఆపరేషన్ తర్వాత కట్టు మార్చేటప్పుడు ఒక్కసారి కూడా కిందికి చూసుకోలేదు. ఈ దవాఖానలో ఉన్నకొద్దీ అది నిజమవుతూ పోతుంది. ఇంటికి పోయి పైట కప్పుకుంటే ఏమీ కానట్టు ఉండొచ్చు. ఆమె లెక్క అది.

ఆమె అడిగింది అడిగినట్టే తడక అవతల రాజమల్లయ్యకు చెప్పాను. ఆయన ఒక్క క్షణం నా ముఖం చూశాడు. తర్వాత మంచం మీద మెల్లగా పక్కకు తిరిగి, ఒక కన్ను మూసి, ఒక చెవి మీద చెయ్యి కప్పి చూపించాడు. తర్వాత కాగితం మీద బొమ్మ కన్ను చూపించాడు. ఒక్కటే. చెవి ఒక్కటే. పక్కకు తిరిగి నడిచే మనిషికి అన్నీ ఒక్కొక్కటే కనబడతాయి. వేలితో కొంగు పొడవునా గీసినట్టు గాలిలో గీశాడు. ఎప్పటి నుంచో గొల్లభామలంతా అంతే.

నేను వచ్చి ఆ మాట చెప్పాను. ఎల్లవ్వ బొమ్మ వైపే చూస్తోంది. ఆమె మనసు గాయపరిచానేమో అనుకున్నాను. అప్పుడు ఆమె ముక్కులోంచి ఒక చప్పుడు వచ్చింది.

"అయితే ఇన్నేండ్ల సంది సిద్దిపేట ఆడోళ్లంత నా అసొంటిదాన్నే కొంగుకేసుకొని తిరుగుతున్రన్నట్టు."

ఆ తర్వాత ఆమె నవ్వు ఆపడం ఎవరి తరం కాలేదు. సూదులు గుచ్చుకుంటే అమ్మో అనడం, మళ్లీ నవ్వడం. షావుకార్ల భార్యలు, పటేలు గారి కోడళ్లు, తనను వాకిట్లోనే నిలబెట్టే దొరసానులు, ఒక్కొక్కరి పేరు చెప్పి, ఆమె కొంగు మీద గూడ నేనే అనడం. అవతల బాలయ్య దగ్గుతూ నవ్వుతున్నాడు. రాజమల్లయ్య రెండు చేతులతో చెంప పట్టుకుని గోడకు తల ఆనించాడు.

సరిగ్గా ఆ సమయంలో కిష్టాగౌడు వచ్చి సున్నం గీత దగ్గర నిలబడ్డాడు. ఏడుస్తున్న పెళ్లాన్ని తీసుకుపోదామని తెల్లవారుజామున బండి కట్టుకుని వచ్చినవాడు. ఆమెను చూసి నావైపు తిరిగాడు. ముఖం తెల్లబోయింది.

"ఏం చేసిన్రు నర్సమ్మా? పిచ్చి లేసిందా దీనికి?"

"నీకే లేసింది," అన్నది ఎల్లవ్వ మంచంలోంచి. "గీత దాటకు. గాడనే నిలబడి చెప్పు, మోకు ఎట్ల కడతరో. మల్లన్నకు కల్లు తాగుడే తెలుసు, గీసుడు తెల్వది."

మోకు అంటే తాటిచెట్టు ఎక్కేటప్పుడు నడుముకూ చెట్టుకూ కలిపి వేసుకునే తాడు. కిష్టాగౌడు గీత అవతల వరండా స్తంభాన్ని తాటిచెట్టు అనుకుని, తలపాగా విప్పి దాని చుట్టూ వేసి, మోకు ఎలా పడుతుందో చూపించాడు. రాజమల్లయ్య తడక సందులోంచి చూసి గళ్లలో గీసుకున్నాడు. నాడె మీద అందించిన ఆ బొమ్మ చూసి కిష్టాగౌడు, ముడి అటు కాదు ఇటు అని, బొగ్గు ముక్క తెచ్చి గచ్చు మీద తనే గీశాడు. బండి సంగతి మధ్యాహ్నం దాకా ఎవరికీ గుర్తురాలేదు. గుర్తొచ్చాక ఆయనే అడిగాడు, పోదామా అని.

"ఎట్ల పోత?" అన్నది. "గౌండ్లభామ ఇంకా కాలె. సోమారం రా."

ఆయన పోలేదు. ఎడ్లను చెట్టు కింద కట్టేసి సోమవారం దాకా అక్కడే ఉన్నాడు.

ఎక్కడ ఆగాలి

సోమవారం సూదులు తీశాం. దారాలన్నీ లెక్కకు వచ్చాయి. తడక విప్పగానే ఎల్లవ్వ, రాజమల్లయ్య మొదటిసారి ఒకరినొకరు చూసుకున్నారు. వారం తర్వాత ఆయన నోట్లోంచి వచ్చిన మొదటి మాట బొంగురుగా వచ్చింది. "చెల్లె, లొట్టి మూతి ఇప్పుడన్న సక్కగున్నదా?" ఆమె ఆయన సంగతి చెబుతానని బెదిరించింది కదా, ఆ మాటకు తల మాత్రమే ఊపింది.

ఇది బాగా కుదిరింది గనక నాకు కొంచెం పొగరు వచ్చింది. కొన్ని నెలల తర్వాత ఇంకొక ఆమె చేరింది. ఇంటి దగ్గర ముగ్గులు బాగా వేస్తుందని విని, నేల కడిగించి, పిండి తెప్పించి ఆమె మంచం పక్కన పెట్టాను. ఆమె ముట్టుకోలేదు. ఏడ్చింది. "ముగ్గు ఇంటి ముందట ఏస్తరు నర్సమ్మా. గీడ ఏస్తే గిదే నా ఇల్లయితది," అన్నది. పిండి గిన్నె తీసేశాను. ఆమెకు మళ్లీ ఏమీ ఇవ్వలేదు. కూర్చోగలిగినంతసేపు కూర్చున్నాను. ఒకరి చేతికి తెలిసిన పని ఏమిటో కనుక్కోవడం సగం పని. ఆ పని ఎక్కడ చేయరో కనుక్కోవడం మిగతా సగం. ఆ రెండో సగం నేను మరిచిపోయాను.

ఇప్పటి పిల్లలు కొందరు రోగి చేత బొమ్మ వేయించి, దీని అర్థం ఏమిటని అడుగుతారట. అడగొద్దు. నేను అడగలేదు, ఎల్లవ్వే అడిగింది. బొమ్మను మెచ్చుకుంటూ చిన్నపిల్లలతో మాట్లాడినట్టు మాట్లాడొద్దు. లొట్టి బాగా లేకపోతే బాగా లేదని చెప్పేవాళ్లు ఒకరు ఉండాలి. బొమ్మలు రోగం తగ్గిస్తాయని ఎవరైనా అంటే నమ్మొద్దు. బాలయ్య మరుసటి ఏడే పోయాడు. అంత చక్కగా చెక్కిన పెన్సిళ్లు ఆయనను ఆపలేదు. ఎల్లవ్వకు చేయాల్సింది రేడియం చేసింది. ఆ రేడియం పని పూర్తయ్యేదాకా ఆమెను మంచం మీద ఉంచింది మాత్రం గళ్ల కాగితం.

రాజమల్లయ్య చెంప మానింది. ఒక మూల సొట్టతో, కొంచెం వంకర మూతితో చాలా ఏళ్లు నేశాడు. మొదటి ఏడాది పరీక్షకు వచ్చినప్పుడు ఒక తువ్వాల తెచ్చి నాకిచ్చాడు. మూల మీద ఒకే ఒక గౌండ్లభామ. అది కిష్టాగౌడు భుజం మీద వేసుకోవడానికి, ఆయన వస్తే ఇవ్వమన్నాడు.

ఎల్లవ్వ ఆ తర్వాతి వారం వచ్చింది. నేనూ డాక్టరమ్మా వరండాలో ఉన్నాం. గేటులోంచి ఒక మనిషి వస్తోంది. మూట నెత్తిన పెట్టుకుని, ఒక చెయ్యి నడుం మీద ఆనించి, ముఖం గోడ వైపు పూర్తిగా తిప్పి, మాకు ఒక్క పక్కే కనబడేలా పీతలాగా అడ్డంగా అడుగులేస్తూ వస్తోంది. వెనక కిష్టాగౌడు తలకొట్టుకుంటూ వస్తున్నాడు. డాక్టరమ్మ కళ్లద్దాలు సర్దుకుంది.

"ఎల్లవ్వా, నీవు ఏల అడ్డముగా నడచుచున్నావు?"

ఆమె నడక ఆపలేదు. ఇటు తిరగలేదు. ఒక్క కన్నుతోనే మా వైపు చూసింది.

"సీరె మీదికెల్లి ఇప్పుడే దిగిన, డాక్టరమ్మా."